షేక్‌పేట దారిలో ఒక దరఖాస్తు

షేక్‌పేట ఫ్లైఓవర్ మీద రోజూ తిరిగేవాళ్లకి షేక్‌పేట తెలీదు. 2022 జనవరి 1న అది తెరిచినప్పటి నుంచీ 2.8 కిలోమీటర్లు గాల్లోనే దాటేసి రాయదుర్గం వైపు దిగిపోతున్నారు. కింద మేముంటాం. ఓయూ కాలనీలో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో నాలుగేళ్లుగా అద్దెకుంటున్నా. ఆఫీసు హైటెక్ సిటీలో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. హైదరాబాద్‌లో ఇంతకంటే మామూలు పరిచయం ఉండదేమో.

మొన్న ఆగస్టులో ఒక శనివారం రాత్రి మిర్యాలగూడ నుంచి మా తమ్ముడు దిగాడు. రెండు బ్యాగులు, ఒక డబ్బా మామిడికాయ తొక్కు. సోమవారం నుంచి వాడికి ఇక్కడే ఒక యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఫస్టియర్. హాస్టల్ రూమ్ ఇచ్చేదాకా నా దగ్గరే. సొంత తమ్ముడు కాదు, పిన్ని కొడుకు. కానీ మా అమ్మని, పిన్నిని ఒకే ఇంట్లో అన్నదమ్ములకి ఇచ్చారు. అదీ మేనరికం. అందుకే నాకొచ్చిందే వాడికీ వచ్చింది.

దాని పేరు స్టార్గార్ట్. కంటి వెనక రెటీనాలో సరిగ్గా మధ్యభాగం మెల్లమెల్లగా పాడవుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన జన్యువు వస్తేనే సాధారణంగా ఇది బయటపడుతుంది. అంచుల్లో చూపు బాగానే ఉంటుంది కాబట్టి రోడ్డు దాటతాం, మెట్లు దిగుతాం, ఎదురొచ్చే బండిని తప్పించుకుంటాం. ఎదురొచ్చే మనిషి ఎవరో మాత్రం తెలీదు. అక్షరం మీద చూపు పెడితే అక్షరమే మాయమవుతుంది. కళ్లజోడుతో పోయేది కాదు. చూసేవాళ్లకి మేం మామూలుగానే కనిపిస్తాం. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఆదివారం పొద్దున్నే వాణ్ణి లేపి దారి చూపిస్తానన్నా. మాలాంటివాళ్లకి కొత్త ఊళ్లో దారి అంటే గూగుల్ మ్యాప్స్ కాదు. కాళ్లతో ఒకసారి తొక్కి గుర్తుపెట్టుకోవాల్సిందే. ఎక్కడ నాలా పలక లేచి ఉంది, ఎక్కడ ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఏ మలుపులో ఇరానీ హోటల్ నుంచి చాయ్ వాసన వస్తుంది, ఇవే మాకు సైన్‌బోర్డులు.

మెయిన్ రోడ్డు మీదకి రాగానే ఒకచోట పసుపుపచ్చ గీతల టైల్స్ తగిలాయి. చూపు లేనివాళ్లు కర్రతోనో కాలితోనో గుర్తుపట్టడానికి వేసేవి. 1965లో జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన కనిపెట్టాడు. 1967లో ఒకయామా ఊళ్లో మొదటిసారి పరిచారు. మెట్రో స్టేషన్లలో మీరూ రోజూ తొక్కుతూనే ఉంటారు. మా దగ్గరవి నలభై అడుగులు బుద్ధిగా నడిపించి, ఒక పాన్ డబ్బా ముందు వదిలేశాయి.

“డైరెక్టుగ పాన్ డబ్బాకే తోలుకొచ్చిన్రు అక్కా,” అన్నాడు వాడు. “గవర్నమెంటు మనకి పాన్ అలవాటు చేస్తున్నట్టుంది.”

బస్టాపులో వాడికి నా పాత చిట్కా నేర్పించా. బస్సు దగ్గరికి రాగానే ఫోన్ కెమెరా జూమ్ చేసి ఒక ఫోటో కొట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసుకుని నంబరు చదువుకోవడం. ఆలోపు బస్సు వెళ్లిపోతే, ఇంకో బస్సు. ఎక్కాక నాకు మహాలక్ష్మి జీరో టికెట్, వాడికి డబ్బుల టికెట్. “అన్యాయం అక్కా,” అన్నాడు. ఆ రోజు వాడు అన్యాయమని ఒప్పుకున్నది అదొక్కటే.

ఎందుకంటే అసలు గొడవ వేరే ఉంది. శనివారం రాత్రి అన్నం తింటూ నేను మామూలుగా అడిగా, “కాలేజీలో ఎవరికి చెప్పినవ్‌రా కళ్ల గురించి?”

“ఎవ్వరికి చెప్పలే. ఎందుకు చెప్పుడు? బోర్డు మీద ఏం రాసిన్రో పక్కోన్ని అడుగుత. అందరికి తెలిస్తే ఇగ నాలుగేండ్లు గుడ్డోడనే పిలుస్తరు.”

సదరం సర్టిఫికెట్ ఉంది, యూడీఐడీ కార్డు ఉంది. జులైలో మాసబ్ ట్యాంక్ సాంకేతిక విద్యా భవన్‌లో వరసలో నిలబడి ఆ సర్టిఫికెట్లు వెరిఫై చేయించుకున్నాడు. సీటుకి పనికొచ్చిన కాగితం క్లాసుకి ఎందుకు పనికిరాదో వాడు చెప్పలేకపోయాడు. నేనూ రాత్రి ఎక్కువ లాగలేదు. ఎందుకంటే సరిగ్గా వాడి వయసులో నేనూ ఇదే చేశా.

బస్సు రెండు స్టాపులకే దిగి షేక్‌పేట సరాయి దగ్గరికి తీసుకెళ్లా. ఓల్డ్ ముంబై హైవే పక్కన, కుతుబ్‌షాహీల కాలం నాటి రెండంతస్తుల కట్టడం. గోల్కొండకి వచ్చే వ్యాపారులు రాత్రికి ఇక్కడ దిగేవాళ్లు. మనుషులకి గదులు, గుర్రాలకి, ఒంటెలకి కొట్టాలు. ఇప్పుడు శిథిలం. కమాన్లు మాత్రం గట్టిగా నిలబడే ఉన్నాయి. బయటి నుంచే చూశాం. నాకు కమాన్లు గీతల్లా తెలుస్తాయి, వాడికి ఇంకా కొంచెం బాగా తెలుస్తాయి. వాడి కళ్లు నాకంటే పదేళ్లు వెనకున్నాయి.

పక్కన అరుగులాంటి రాయి మీద కూర్చుని నా ఫస్టియర్ కథ చెప్పా. ఇంట్లో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

2015లో ఇంజినీరింగ్‌లో చేరా. కాలేజీ పేరు వద్దు. మొదటి సెమిస్టర్ మొత్తం దాచా. మొదటి బెంచీలో కూర్చున్నా, బోర్డు కనిపిస్తున్నట్టు తలూపా, రాత్రిళ్లు ఫ్రెండ్స్ నోట్సు ఫోటోలు తీసి పెద్దవి చేసుకుని చదివా. ఇంజినీరింగ్ డ్రాయింగ్ దగ్గర దొరికిపోయా. 2హెచ్ పెన్సిల్‌తో గీసిన గీత మీకు సన్నగా కనిపిస్తుంది. నాకు అసలు ఉండదు. తెల్ల షీటు మీద తెల్లగా ఏదో చేస్తున్నట్టుండేది. మొత్తం లోకానికి ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ అర్థంకాక ఫెయిలవుతారు. నేను అర్థమై ఫెయిలయ్యా.

అసలు దెబ్బ మ్యాథ్స్ పరీక్షలో. మధ్యలో చూపు లేనివాళ్లం దేన్నైనా చదవాలంటే కళ్లని పక్కకి తిప్పి, అంచు చూపుతో చూడాలి. అంటే నా పేపర్ నేను చూసుకోవాలంటే నా కళ్లు పక్క బెంచీ వైపు ఉంటాయి. ఇన్విజిలేటర్ రెండుసార్లు హెచ్చరించాడు. మూడోసారి పేపర్ లాక్కున్నాడు. “సార్, నాకు అట్లా చూస్తేనే కనిపిస్తుంది,” అన్నా. క్లాసంతా నవ్వింది. నేనైనా నవ్వేదాన్నే, అంత మంచి సాకు ఇంకెవరైనా చెప్పి ఉంటే. పది నిమిషాల తర్వాత పేపర్ తిరిగిచ్చాడు. ఆ పది నిమిషాల తర్వాత నేనేం రాశానో నాకు గుర్తులేదు. డ్రాయింగ్, మ్యాథ్స్, రెండూ పోయాయి.

నాన్న ఊర్నుంచి వచ్చి ఆఫీసులో అడిగాడు. “ఇంజినీరింగ్‌లో ఇవన్నీ ఉండవండీ, అమ్మాయిని డిగ్రీలో వేసుకోండి,” అన్నారు. కోపంగా కాదు, చాలా మర్యాదగా. నాన్న తలూపి బయటికొచ్చేశాడు. బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు.

తమ్ముడు ఏమీ అనలేదు. రాయి మీద గోటితో గీతలు గీస్తున్నాడు.

నన్ను మళ్లీ దారిలో పెట్టింది బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వెయిటింగ్ హాల్. ఫిల్మ్‌నగర్ పక్కన ఉండేవాళ్లకి ఆ పేరు కొత్త కాదు. 1931లో మొదటి హిందీ టాకీ ఆలం ఆరాలో చిన్న వేషం వేసిన మన ఏలూరు వైపు కుర్రాడే తర్వాత ‘మిస్సమ్మ’ తీశాడు. ఆయన కుటుంబం స్థలమూ డబ్బూ ఇస్తే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ఆసుపత్రి మొదలుపెట్టారు. పోయిన చూపు తెప్పించలేకపోయినా, ఉన్న చూపుతో ఎలా బతకాలో నేర్పే విభాగం ఒకటి అక్కడుంది. అక్కడ నా పక్కన కూర్చున్న ఒకాయన, బ్యాంకు ఉద్యోగి, పుట్టుకతోనే చూపు లేదు, నా కథంతా విని ఒకటే అడిగాడు. “కాగితం ఇచ్చావామ్మా?” నాన్న నోటితో అడిగాడని చెప్పా. “నోటితో అడిగితే జాలిపడతారు. కాగితం మీద అడిగితే ఫైలు తెరుస్తారు,” అన్నాడు.

అప్పటికే, అంటే 2013 ఫిబ్రవరిలోనే, కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చి ఉందని ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం. మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలన్నమాట. రాయలేనివాళ్లకి స్క్రైబ్. కావాలంటే పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం. ప్రింటవుట్ తీసి, దరఖాస్తుకి పిన్ కొట్టి ఇచ్చా. మూడు వారాలు పట్టింది, కానీ వచ్చింది.

వచ్చిన స్క్రైబ్ ఇంటర్ సీఈసీ చదివే అమ్మాయి. మనకంటే తక్కువ చదివినవాళ్లే రాయాలన్నారు. కాపీ కొట్టకుండా. న్యాయమే. కానీ ఇంటిగ్రేషన్ ఎప్పుడూ చూడని పిల్లకి నోటితో ఇంటిగ్రేషన్ చెప్పి రాయించడం ఎలా ఉంటుందో ఊహించండి. “అక్కా, ఆ పాము గుర్తు మళ్లీ వేయాలా?” అనేది. అవునమ్మా, పాము వెయ్యి, తల దగ్గర ఒకటి, తోక దగ్గర సున్నా. నలభై పాములతో మ్యాథ్స్ సప్లిమెంటరీ పాసయ్యాం ఇద్దరం.

“డ్రాయింగ్ సంగతేంది?” అడిగాడు వాడు. అదే వాడి భయమని అప్పుడు తెలిసింది.

“2బీ పెన్సిల్‌కి పర్మిషన్ అడిగిన. నల్లగ, లావుగ గీసేది. అంతే.”

“గంతేనా?”

గంతే. ఒక పెన్సిల్ మార్చడానికి నాకు ఏడాది పట్టింది.

సరాయి నుంచి దర్గా వైపు నడిచాం. అక్కడ హుస్సేన్ షా వలీ సమాధి ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ సాగర్ కట్టించింది ఈయనే అంటారు. పరీక్షలకి ముందు ఇంజినీరింగ్ పిల్లలు మొక్కుకోవాల్సిన దర్గా నిజానికి ఇదే, ఎందుకో ఎవరూ కనిపెట్టలేదు.

దారిలో సినిమాల మాట వచ్చింది. ఈ ఏరియాలో రాకుండా ఎట్లా? గుట్ట మీద ఫిల్మ్‌నగర్, రామానాయుడు స్టూడియో. వీల్‌చైర్‌లో నాగార్జున ‘ఊపిరి’ 2016, చూపులేని రవితేజ ‘రాజా ది గ్రేట్’ 2017, సరిగ్గా వినపడని చిట్టిబాబుగా రామ్‌చరణ్ ‘రంగస్థలం’ 2018. వరసగా మూడేళ్లు. చూపులేని హీరో ఫైట్లు చేస్తే విజిల్స్ వేశాం, నేనూ వేశా. కానీ అటెండెన్స్ రిజిస్టర్‌లో తన పేరెక్కడుందో వెతుక్కునే సీన్ ఎవరూ రాయలేదు. ఫోటోజెనిక్ కాదు కదా.

వాడికి తెలిసిన కథ మాత్రం ఒకటుంది. శ్రీకాంత్ బొల్లా. 2024లో రాజ్‌కుమార్ రావ్‌తో వచ్చిన హిందీ సినిమా ఫోన్‌లో చూశాడు. మచిలీపట్నం దగ్గర పల్లెటూరి రైతుకుటుంబం, బేగంపేట దేవనార్ స్కూల్లో చదువు, తర్వాత ఎమ్‌ఐటీ, 2012లో సొంత కంపెనీ. “ఆయన గ్రేట్ అక్కా. నేను గట్ల గాదు,” అన్నాడు. నాకు చిరాకేసింది. ఆయన గొప్పతనం మీద కాదు. ఆ కథలో అందరూ అమెరికా దగ్గరే ఆగిపోతారు కాబట్టి. నాకు నచ్చే భాగం ఇంకా ముందుంది. పదో తరగతిలో 90 శాతం పైన తెచ్చుకున్నా, చూపులేనివాళ్లకి ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. ఆయనా, ఆయన టీచరూ హైకోర్టుకెళ్లారు. ఆరు నెలలు ఆగి గెలిచారు. టీచర్ పాఠాలన్నీ ఆడియో రికార్డు చేసి ఇస్తే ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అంటే అంత తెలివైనవాడు కూడా కాగితం పెట్టాడు, ఇంకొకరి సాయం తీసుకున్నాడు. “నువ్వేమో పక్కోన్ని అడుగుత అంటున్నవ్,” అన్నా.

మల్కం చెరువు గట్టు మీద కూర్చునేసరికి ఎండ ఎక్కింది. అక్కడ వాడు అసలు మాట అన్నాడు. “నువ్ చేరినప్పుడు చట్టాలు లేకుండె అక్కా. నువ్ అడిగితే ఇచ్చిన్రు, అది నీ లక్కు. నాకు ఇయ్యకపోతే? పేరు కూడా పోతది, పని కూడా కాదు.”

దీనికి నా దగ్గర ధైర్యం చెప్పే మాటల్లేవు, వివరాలున్నాయి. నేను సెకండియర్‌లో ఉండగా, 2017 ఏప్రిల్ 19న, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. వైకల్యాలు 21 రకాలు అందులో. 40 శాతానికి తగ్గకుండా ఉన్నవాళ్లకి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లకు తగ్గకుండా ఇవ్వాలని 32వ సెక్షన్. అది మనవాళ్లందరికీ తెలుసు. తెలియనివి 16, 17. చేర్చుకున్నాక అవసరానికి తగ్గ వసతులు ఇవ్వాలని ఒకటి, పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ లాంటి మార్పులు చేయాలని ఒకటి. 16వ సెక్షన్ ప్రభుత్వ కాలేజీలకే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీలకీ వర్తిస్తుంది.

2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. చేతివేళ్లు బిగుసుకుపోయి రాయలేని ఒక డాక్టరుకి యూపీఎస్సీ స్క్రైబ్ ఇవ్వనంది, 40 శాతం లేదు కాబట్టి. 40 శాతం అనేది రిజర్వేషన్ల గీత, వసతుల గీత కాదని కోర్టు చెప్పింది. దాంతో 2022 ఆగస్టులో వాళ్లకీ మార్గదర్శకాలొచ్చాయి. మన హైదరాబాద్ పాత్ర కూడా ఉంది ఇందులో. భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్న రాజీవ్ రతూరి కేసులో నివేదిక ఇచ్చింది శామీర్‌పేట నల్సార్‌లోని డిజెబిలిటీ స్టడీస్ సెంటర్. 2024 నవంబర్ 8న ఆ తీర్పులో, సలహాల్లా రాసిపెట్టిన రూల్స్ చాలవు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండి అని కోర్టు చెప్పింది.

“మరి ఆ పాన్ డబ్బా?” అన్నాడు.

తీర్పుకి, పాన్ డబ్బాకి మధ్య దూరం ఎంతో నాకూ తెలీదని ఒప్పుకున్నా. కాలేజీ వినకపోతే మలక్‌పేటలో దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసుంది, రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ అక్కడిదాకా పోవాలంటే ముందు మన చేతిలో స్టాంపు పడిన కాపీ ఉండాలి. వాడు చాలాసేపు చెరువు వైపు చూశాడు. చూశాడంటే, చెరువుకి కొంచెం పక్కకి.

“గుడ్డోడంటే?” అన్నాడు చివరికి.

“అంటరు. నన్ను సోడాబుడ్డి అన్నరు, నాకు కళ్లద్దాలే లేవు.”

నవ్వాడు. ఇంటికెళ్లి దరఖాస్తు రాద్దామని వాడే అన్నాడు.

రాత్రి నా ల్యాప్‌టాప్‌లో, అక్షరాలు గోడంత చేసి, ఇద్దరం కూర్చున్నాం. బతిమాలే మాటలన్నీ వాడు రాశాడు, నేను కొట్టేశా. ‘దయచేసి’ ఒక్కటి ఉంచా. ముందు ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అనేది రెండు వాక్యాల్లో. తర్వాత ఏం కావాలో. ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో, గంటకి 20 నిమిషాలు, క్లాసుకి ముందే స్లైడ్లు, డ్రాయింగ్‌లో 2బీ పెన్సిల్, పేపర్‌ని పక్కకి చూస్తూ చదువుతాడని ఇన్విజిలేటర్లకి ముందే చెప్పాలని. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించా. స్క్రైబ్ ఇప్పుడే వద్దన్నాడు, ముందుముందు అవసరమైతే అడుగుతానని ఒక లైను చేర్చాం. స్లైడ్లు ఫోటోల పీడీఎఫ్‌లా కాకుండా అక్షరాల ఫైలుగా ఇవ్వాలని కూడా రాశాం. ఫోటో అయితే ఫోన్‌లోని టాక్‌బ్యాక్‌కి గానీ, కంప్యూటర్‌లోని ఎన్‌వీడీఏకి గానీ సరిగ్గా చదవడం కష్టం. (మీ ఫోన్‌లోనూ టాక్‌బ్యాక్ ఉండొచ్చు, యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో. ఆన్ చేసేముందు ఎలా ఆఫ్ చేయాలో చదువుకోండి. మా టీమ్‌లీడ్ ఒకసారి ఆన్ చేసి గంటసేపు ఫోన్‌తో కుస్తీ పట్టాడు.)

టెక్స్ట్‌బుక్‌ల సంగతి వేరే. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీలో వాడికి సభ్యత్వం కట్టించా. చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవడం 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలోనే ఉంది. దీని మీద అంతర్జాతీయంగా వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. అయినా ఫస్టియర్ లోకల్ ఆథర్ల పుస్తకాలు అక్కడ దొరకలేదు. అవి వాడూ నేనూ శనాదివారాలు స్కాన్ చేస్తున్నాం.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి వాడితో వెళ్లా. కౌంటర్ దగ్గర ఆయన దరఖాస్తు తిరగేసి, “ఇది ఎవరికివ్వాలో మాకు తెలీదమ్మా,” అన్నాడు. నిజమే, ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అన్నాడు, “ఎవరికివ్వాలో తర్వాత చూడండి సార్. ముట్టినట్టు మా కాపీ మీద స్టాంపు వేసి, తారీఖు రాయండి.” ఆయన వాడి మొహంలోకి చూశాడు. వాడు ఆయన చెవి వైపు చూశాడు. స్టాంపు పడింది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. మూడోవారం ఒక మేడమ్ పిలిచి మాట్లాడారట. స్లైడ్లు ముగ్గురు సార్లు పంపుతున్నారు, ఇద్దరు పంపట్లేదు. డ్రాయింగ్ సార్ మాత్రం 2బీ పెన్సిలేంటి, నాకూ కళ్లు ఆనట్లేదు, క్లాసంతా అదే వాడండి అన్నాడట.

మొదటి మిడ్ పరీక్ష రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. నేను ఆఫీసు క్యాబ్‌లో, సరిగ్గా ఫ్లైఓవర్ మీదున్నా.

“అక్కా, పెద్ద పేపర్ ఇచ్చిన్రు.”

“ఎట్లుందిరా?”

“మస్తు పెద్దగుంది. ఏ3 మీద జిరాక్స్ కొట్టిన్రు. డెస్కు మీద పడ్తలేదు. పేపర్ పరిస్తే ఆన్సర్ షీటుకు జాగ లేదు, ఆన్సర్ షీటు పెడితే పేపర్ కింద పడ్తది. పక్కోడు పట్టుకోనా అన్నడు, ఇన్విజిలేటర్ వాణ్ణి తిట్టిండు.”

“మరేం చేసినవ్?”

“మడతపెట్టి మడతపెట్టి రాసిన. గంటంబావు పరీక్ష, ఇరవై అయిదు నిమిషాలు ఎక్స్‌ట్రా ఇచ్చిన్రు. మొత్తం రాసిన అక్కా.” కాసేపాగి, “ఇంకో దరఖాస్తు రాయాలె. పెద్ద టేబుల్ కావాలని. సెక్షన్ ఎంత, 17 కదా?”

“రాసి పంపు, చూస్తా,” అన్నా.

“చూసుడెందుకు? ఇచ్చేసిన. స్టాంపు కూడా పడ్డది. నంబర్ కరెక్టేనా కాదా అని అడుగుతున్న.”